ఒంటిపూట పని: మన మెట్ట ఊళ్ల వేసవి చరిత్ర

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి అప్పులు, రికవరీ శాతాలు ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి. నన్ను మాత్రం మన వేసవుల గురించి రాయమన్నారు. ఎండకు చరిత్ర ఏముంటది, ఏటా వస్తది, ఏటా పోతది అని మా సంఘంలో ఒకామె నవ్వింది. పదో తరగతిలో మేము చదివిన చరిత్ర కూడా రాజులు, యుద్ధాలే. కానీ పెద్దోళ్లను అడిగి, పాత పేపర్లు తిరగేసి చూస్తే నాకు ఒక సంగతి తెలిసింది. ఏ ఏడు ఎన్ని డిగ్రీలు కాసింది అనే లెక్క ఒకటి ఉంది. ఆ ఎండలో ఆడమనిషి ఏ వేళకు పనిలో ఉంది, ఆ వేళ ఎవరు పెట్టారు అనే లెక్క ఇంకొకటి. రెండో లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. నాకు తెలిసినంతవరకు అదే రాస్తున్నాను.

మనది ఉమ్మడి ప్రకాశం పడమటి భాగం. మార్కాపురం, దోర్నాల, యర్రగొండపాలెం, త్రిపురాంతకం, గిద్దలూరు, కంభం, ఇటు పొదిలి, కనిగిరి. పడమట నల్లమల గోడలాగా నిలబడి ఉంది. నైరుతి గాలి మోసుకొచ్చే వాన చాలావరకు ఆ కొండల మీద, ఆ అవతలే పడిపోద్ది. మనకు మిగిలేది ఉత్త గాలి. తూర్పున సముద్రం ఉన్నా అది దూరం, ఆ చల్లదనం ఒంగోలు దాకానే. మధ్యలో రాతి నేల. ఆ రాయి పొద్దంతా కాగి, రాత్రి పది దాటినా వేడి వదలదు. మన పలకలు తయారయ్యేది ఆ రాయితోనే. దేశమంతా పిల్లలు అఆలు దిద్దుకున్న మార్కాపురం పలక మన ఎండలో తవ్విన రాయే.

వెనకటికి గడియారాలు లేవు, కార్తెలు ఉండేవి. భరణి, కృత్తిక, రోహిణి, ఆ తర్వాత మృగశిర. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయని సామెత ఉండనే ఉంది. ఆ రోజుల్లో సొంత పొలం పని చేసుకునే ఇంట్లో వేసవి అంటే తెల్లారుజామున ఎరువు తోలుకోవటం, చద్దిపొద్దుకు ఇంటికి రావటం, మధ్యాహ్నం చెట్టు కింద పడుకోవటం. అంటే ఒంటిపూట పని కొత్తది కాదు, భూమి ఉన్నవాళ్లకు ఎప్పుడూ ఉంది. భూమి లేనోళ్లకు లేదు. కూలి ఇచ్చేవాడు రెండు పూటలకు ఇస్తాడు, రెండు పూటలు చెయ్యాలి.

దీనికి పాత ఆధారం కరువు పనులు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో పెద్ద కరువు వచ్చింది. తెలుగు సంవత్సరాలు ధాత, ఈశ్వర. పెద్దోళ్లు ధాత కరువు అనేది దాన్నే. అప్పుడు మార్కాపురం, కంభం తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. మన ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు ఆ కరువుకు బాగా దెబ్బతిన్నాయి. ప్రభుత్వం రోడ్ల పనులు, రాళ్లు కొట్టే పనులు పెట్టింది. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి కూలి తగ్గించాడు. మొగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అర కిలోకు తక్కువ, దాని మీద ఒక అణా. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. ఎండలో రాయి కొట్టే మనిషికి ఆ తిండి చాలదని అప్పటి డాక్టర్లే గొడవ పెట్టారు. ఎంత తింటే మనిషి బతుకుతాడని లెక్క కట్టారు గానీ, ఏ వేళకు పని ఆపితే బతుకుతాడని ఎవరైనా లెక్క కట్టినట్టు నేను చదివిన వాటిలో లేదు.

అదే ప్రాంతంలో ఇంకో మాట కూడా గుర్తు పెట్టుకోవాలి. గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువును విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని చెబుతారు. 2020లో దానికి ప్రపంచ సాగునీటి వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. చెరువులో నీళ్లుంటే చుట్టుపక్కల గాలే వేరుగా ఉంటది, కంభం వెళ్లినవాళ్లకు తెలుసు. అది ఎండిన ఏళ్లలో కూడా తెలుసు.

మా అమ్మల కాలానికి వస్తే పని మూడు చోట్ల. ఒకటి పలకల గనులు, పలకల ఫ్యాక్టరీలు. రెండు పొగాకు. ఆకు గుచ్చటం, బ్యారన్‌కు ఎత్తటం, దించటం. బయట ఎండ, లోపల బ్యారన్ మంట. మూడు మిరపకాయల కోత. సొంతూళ్లో కోత అయిపోతే పిల్లల్ని వేసుకుని గుంటూరు వైపు వలస. కాయ కోతకు కిలోల మీద కూలి, కాబట్టి మేస్త్రీ పొమ్మనకపోయినా మనమే ఎండలో నిలబడతాం. ఇది గమనించండి. ఎవరూ బలవంతం చెయ్యలేదు అని తర్వాత అందరూ అనగలిగే పని ఇది. మార్చి సగం నుంచి పిల్లలకు ఒంటిపూట బడులు పెట్టారు. తల్లులకు ఒంటిపూట పని రాలేదు.

నేను చిన్నప్పుడు రేడియోలో వార్తలు వింటే రెంటచింతల పేరు వచ్చేది. అది పల్నాడులో ఉంది, మనకు దగ్గరే. రాష్ట్రంలో ఎక్కువ ఎండ అక్కడే అని చెప్పేవాళ్లు. మనకు మాత్రం ఎవరూ డిగ్రీలు చెప్పలేదు. వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు. 45 దాటితే మామూలుతో పోల్చకుండానే వడగాడ్పు. 47 అయితే తీవ్రం.

2002 మే నెలలో ఉమ్మడి రాష్ట్రంలో 1,000 మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. 2003లో అది 3,000 దాటింది. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి, జూన్ వచ్చినా గాలి చల్లబడలేదు. తర్వాత 2015. మే నెల ఆఖరి పది రోజులు. రాష్ట్రం విడిపోయాక వచ్చిన మొదటి పెద్ద ఎండ అది. ఆంధ్రాలో 1,369 మంది, తెలంగాణలో 541 మంది అని లెక్క తేలింది. ఆ రోజుల్లో పేపరు తెరిస్తే ప్రకాశం జిల్లా పేరు ముందు వరసలో ఉండేది.

ఈ లెక్కలను మనం కొంచెం నిలబడి చూడాలి. మన రాష్ట్రంలో 2015లో 1,369. 2016లో 723. 2017లో 236. 2018లో 8. మూడేళ్లలో పదమూడు వందల నుంచి ఎనిమిదికి వచ్చింది. ఇందులో నిజంగా మంచి జరిగింది ఉంది. 2010 మేలో అహ్మదాబాద్‌లో 46.8 డిగ్రీల ఎండకు వందల మంది పోయాక, ఆ నగరం 2013లో ఎండ నుంచి కాపాడే ప్రణాళిక రాసుకుంది. మన దేశంలో అదే మొదటిది. 2015 తర్వాత మన రాష్ట్రం కూడా అలాంటిది చేసుకుంది. చలివేంద్రాలు పెరిగాయి. పీహెచ్‌సీల్లో, అంగన్‌వాడీల్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వచ్చాయి. ఏ మండలంలో రేపు వడగాడ్పు ఉందో ముందు రోజే విపత్తుల సంస్థ చెబుతోంది. 2018లో మధ్యమధ్య వానలు కూడా పడ్డాయి.

అయినా ఇంకో సంగతి ఉంది. వడదెబ్బ చావు అని రాయాలంటే తహసీల్దారు, డాక్టరు, ఎస్ఐ ముగ్గురూ కలిసి నిర్ధారించాలి. 2015లో లక్ష రూపాయలు పరిహారం అన్నారు, దానికి పోస్టుమార్టం కావాలి. మరి మన ఇళ్లలో ఎట్లా జరుగుద్దో మీకు తెలుసు. పొద్దున కూలికి పోయిన మనిషి పన్నెండింటికి తలనొప్పని వస్తది. కాసేపు పడుకుంటానంటది. సాయంత్రానికి ఒళ్లు కాలిపోతా ఉంటది, మాట తడబడుద్ది. రాత్రికి పోతది. శవాన్ని కొయ్యనీయమని అత్తగారింటోళ్లు అంటారు, తెల్లారేసరికి దహనం అయిపోద్ది. మా ఊళ్లో అట్లా పోయిన ఒక అక్క కొడుకు కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ రెండు నెలలు తిరిగి మానుకున్నాడు. ఆమె ఆ 1,369లో లేదు. పనిలో పడిపోయిన మొగమనిషి పదిమంది కళ్ల ముందు పడతాడు, ఇంటికొచ్చి మంచం మీద పోయిన ఆడమనిషి లెక్కకు రాదు. ఆడవాళ్లు తక్కువ పోతారని ఎవరైనా లెక్క చూపిస్తే ఈ మాట అడగండి.

ఒంట్లో జరిగేది ఇది. మన ఒళ్లు 37 డిగ్రీల దగ్గర ఉండాలి. బయట గాలి అంతకంటే వేడైనప్పుడు చెమట ఆరటం ఒక్కటే దారి. నీళ్లు తక్కువైతే చెమట రాదు. లోపలి వేడి 40 దాటితే మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పని దగ్గర మరుగు లేదు కాబట్టి పొద్దున నుంచే నీళ్లు తాగకుండా పోవటం మనలో ఎంతమందికి అలవాటో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కనిగిరి వైపు ఇంకో తంటా, తాగే నీళ్లలో ఫ్లోరైడు. ఉల్లిపాయ జేబులో పెట్టుకుంటే పోయేదేమీ లేదు, కానీ అది నీళ్లకు బదులు కాదు. మజ్జిగ, గంజి, అంబలి, ఉప్పు వేసిన నీళ్లు, ఇవి మన పెద్దోళ్లు చెప్పినవే, డాక్టర్లు చెప్పేవీ ఇవే. తెలివి తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏదీ పొయ్యొద్దు. నీడకు తీసుకొచ్చి, ఒంటి నిండా నీళ్లు చల్లి, విసురుతూ 108 పిలవాలి.

పని వేళ మారటం మన ఊళ్లల్లో ఉపాధి హామీతో మొదలైంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలుపెట్టారు. కరువు పనికీ దీనికీ తేడా ఏందంటే ఇది అడిగి తీసుకునే పని. పొలాల్లో పని ఉండని ఏప్రిల్, మే నెలల్లోనే ఈ పని ఎక్కువ. అప్పుడే నేల ఇనుములాగా ఉంటది. అంత గట్టి నేలలో మామూలు కొలత తవ్వలేమని కూలీలు అడిగితే, మన రాష్ట్రంలో వేసవి అలవెన్స్ ఇచ్చారు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నెలను బట్టి 20 నుంచి 30 శాతం వరకు. తక్కువ తవ్వినా కూలి పడేది. నా మటుకు ఇది చిన్న విషయం కాదు. ఎండకు విలువ కట్టి ప్రభుత్వం కాగితం మీద రాయటం అదే మొదటిసారి చూశాం. అప్పటి నుంచి మేట్లు, మన గ్రామ సంఘాలు మాట్లాడుకుని పొద్దున ఆరింటికి దిగి పదకొండుకల్లా ఎక్కటం మొదలైంది. పనిచోట పట్టా నీడ, నీళ్లు, మందుల పెట్టె అడిగాం. అన్ని ఊళ్లల్లో రాలేదు. తర్వాత ఫోన్లో రోజుకు రెండుసార్లు ఫొటో తియ్యాలనే పద్ధతి వచ్చింది. మొదటి ఫొటోకు, రెండో ఫొటోకు మధ్య గంటలు గడవాలి. పని అయిపోయినా కొన్నిచోట్ల ఫొటో కోసం ఎండలో కూర్చోవాల్సి వచ్చింది. ఒక చేత్తో ఇచ్చిన వేళను ఇంకో చేత్తో తీసుకున్నట్టు అయింది.

ఒంటిపూట చేసి పదకొండుకు ఇంటికి వస్తే ఎండ తప్పుద్ది, సరే. కానీ మన వేసవిలో రెండో గండం మధ్యాహ్నం మూడు దాటాక వస్తది. అదే పిడుగు. పొద్దంతా కాగిన నేల మీది గాలి పైకి లేస్తది. బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమ దానికి కలిస్తే కొన్ని గంటల్లోనే క్యుములోనింబస్ మబ్బులు పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తు లేస్తాయి. ఎండ ఎంత ఎక్కువైతే సాయంత్రం మబ్బుకు అంత బలం. అందుకే ఎండా పిడుగూ వేరువేరు కాదు, ఒకే రోజులో రెండు పూటలు.

2018 ఏప్రిల్ 24 మంగళవారం. ఆ ఒక్కరోజు 13 గంటల్లో మన రాష్ట్రంలో 36,749 పిడుగులు పడ్డాయని విపత్తుల సంస్థ లెక్కపెట్టింది. 9 మంది చనిపోయారు. వాళ్లలో తొమ్మిదేళ్ల పాప కూడా ఉంది. వడదెబ్బకు ఏడాది మొత్తానికి 8 మంది అని రాసిన అదే సంవత్సరం. ఒక గండం తగ్గిందని సంతోషించే లోపల ఇంకొకటి.

పిడుగుకు మన ఊళ్లల్లో ఎక్కువ పోయేది గొర్రెల కాపరులు, పొలంలో ఉన్న కూలీలు. ఇంకొకటి మిరప కళ్లం. కళ్లంలో ఏడాది కష్టం ఎర్రగా పరిచి ఉంటది. మబ్బు పట్టగానే ఇంట్లో ఉన్నోళ్లు కూడా పట్టలు కప్పటానికి పరిగెత్తుతారు. తడిస్తే కాయ తాలవుద్ది, గుంటూరు యార్డులో సగం ధర. అప్పు తీరదు, మన సంఘం కిస్తీ కూడా ఆగుద్ది. అందుకని ప్రాణం సంగతి చూసుకోమని ఊరికే చెబితే ఎవరూ వినరు. పట్ట ముందే కళ్లం పక్కన తాళ్లతో, రాళ్లతో సిద్ధంగా ఉండాలి. మధ్యాహ్నం రెండింటికే కాయ కుప్ప చేసి కప్పెయ్యాలి. మెరుపు కనపడినాక లెక్కపెట్టండి. ముప్పై అంకెలు లెక్కపెట్టే లోపల ఉరుము వినిపిస్తే అది పది కిలోమీటర్ల లోపలే ఉంది, గోడలూ కప్పూ ఉన్న ఇంట్లోకి పోవాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. ఒంటరి వేపచెట్టు, తాటిచెట్టు కిందికి పోవద్దు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకు కరెంటు కొట్టదు, ఆ భయంతోనే చాలామంది ఆలస్యం చేస్తారు. వెంటనే గుండె మీద నొక్కితే బతికే అవకాశం ఉంది. పూణె వాతావరణ సంస్థ చేసిన దామిని అనే యాప్ చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తది. ఊరికి ఒక ఫోన్లో ఉన్నా చాలు.

మూడోది అడవి మంట. ఇది దోర్నాల, యర్రగొండపాలెం, గిద్దలూరు వైపు అక్కలకు బాగా తెలుసు. నల్లమల ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరికల్లా ఆకు రాలి నేల మీద పరుపులాగా పడుద్ది, బోద గడ్డి నిలువునా ఎండుద్ది. మే దాకా అగ్గిపుల్ల చాలు. మన దగ్గర మంటలు దాదాపుగా మనుషుల చేతి మీద వచ్చేవే. బీడీ ముక్క, ఇప్పపువ్వు ఏరటానికి చెట్టు కింద ఆకు కాల్చటం, శ్రీశైలం నడిచిపోయే వాళ్లు వంట చేసి ఆర్పకుండా పోవటం, పొలంలో పత్తికట్టె తగలబెడితే గాలికి అడవి అంచు అంటుకోవటం. పిడుగు పడి అంటుకోవటం తక్కువ, ఎందుకంటే మన దగ్గర పిడుగు వెనక వాన ఉంటది. అటవీ శాఖ వాళ్లు వేసవికి ముందే ఫైర్‌లైన్లు గీస్తారు, అంటే వెడల్పుగా గడ్డి తీసేసిన దారులు. మంటను ఉపగ్రహం చూసి ఫోన్‌కు మెసేజ్ పంపే ఏర్పాటు 2004 నుంచి పెరుగుతూ వచ్చింది. కానీ మంట దగ్గరికి పోయి పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పేది ఫైర్ వాచర్లే. వాళ్లలో చాలామంది చెంచులు. 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవి అంటుకున్నప్పుడు హెలికాప్టర్లు తెచ్చారు. మన నల్లమల మంటకు కొమ్మలే గతి.

పాత తరం ఆడవాళ్లకు మంట భయం అడవిలోనే కాదు, ఊళ్లోనూ ఉండేది. ఇళ్లన్నీ బోద కప్పినవే. మా అమ్మమ్మ వేసవిలో తెల్లారకముందే వండి, పొయ్యి మీద నీళ్లు చల్లి పనికి పోయేదట. మధ్యాహ్నం గాలి లేచినాక ఎవరింట్లో అయినా పొగ కనపడితే వీధంతా తిట్టేవాళ్లట. ఏటా కప్పు కోసం బోద కోసుకొచ్చేవాళ్లు కాబట్టి అడవిలో అంత ఎండుగడ్డి నిలిచేది కాదని కూడా పెద్దోళ్లు అంటారు. ఇప్పుడు శ్లాబులు, రేకులు వచ్చాయి, బోద కోసేవాళ్లు లేరు. రేకుల ఇల్లు అంటుకోదు, కానీ మధ్యాహ్నం అందులో కూర్చోవటం బ్యారన్‌లో కూర్చున్నట్టే.

1999లో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. కట్టెల కోసం మండుటెండలో అడవికి పోవటం తగ్గిందంటే మొదటి మెట్టు అదే. సిలిండరు ధర చూసి మళ్లీ కట్టెలకు పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది మనలో మనకు దాచుకునే విషయం కాదు.

గుజరాత్‌లో సేవ అనే మహిళా కార్మికుల సంఘం 2023లో ఎండకు ఒక బీమా మొదలుపెట్టింది. మొదట 21,000 మంది, మరుసటి ఏడు 50,000 మంది దాకా. చావు నిరూపించక్కర్లేదు, పోస్టుమార్టం అక్కర్లేదు. ఎండ ఒక గీత దాటితే పని మానుకున్న రోజుకు కొంత డబ్బు ఖాతాలో పడుద్ది. 2024 ఎండలకు చాలామందికి అందింది. వాళ్లలో ఉప్పు మళ్లలో పనిచేసేవాళ్లు, బండ్ల మీద కూరగాయలు అమ్మేవాళ్లు ఉన్నారు. మనం చెయ్యగలమా, ప్రీమియం ఎవరు కట్టాలి అనేది సమాఖ్య ఈసీ మీటింగులో పెట్టాల్సిన మాట.

మా గ్రామ సంఘంలో అయితే మినిట్స్ పుస్తకం వెనక నాలుగు పేజీలు ఎండ లెక్కకు వదిలాం. ఎవరు ఏ రోజు పనిలో కళ్లు తిరిగి పడ్డారు, ఎన్ని గంటలకు, ఏ పని, ఆసుపత్రికి పోయారా, ఇంట్లోనే ఉన్నారా. పిడుగు ఎక్కడ పడింది, మంట ఎప్పుడు లేచింది. కాగితం ఉన్నా లేకపోయినా రాస్తున్నాం. 2003లో, 2015లో పోయినవాళ్ల పేర్లు కూడా పెద్దోళ్లను అడిగి ముందు పేజీలో ఎక్కిస్తున్నాం. ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చాయి, ఏడుగురు ఆడవాళ్లు. మీ ఊళ్లల్లోనూ అడగండి. ఆ సంవత్సరాలు గుర్తున్న ముసలమ్మలు ఇంకా ఉన్నారు, ఉగాది లోపల వాళ్ల దగ్గర కూర్చుని రాసుకోండి.